గెలిచినా వాళ్లకే, ఓడినా వాళ్లకే: డాలస్ టీముల లెక్కలో మన వంతు ఎంత?

నవంబర్ 11న డాలస్ మావరిక్స్ తమ జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ని తీసేసింది. లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కి ఇచ్చేసిన ఫిబ్రవరి నుంచి అరీనాలో జనం అరుస్తూ వచ్చింది ఇదే. తొమ్మిది నెలలకి వాళ్ల మాట నెగ్గింది. ఆ రోజు మన డాలస్ వాట్సాప్ గ్రూపులు చూడాలి. దీపావళి అయిపోయిన మూడు వారాలకి మళ్లీ బాణాసంచా బొమ్మలు. మా వాడి క్రికెట్ క్లాసు గ్రూపులో కూడా అదే గోల.

నాకు మాత్రం అంత సంబరం అనిపించలేదు. ఒక మనిషిని పంపించేస్తే కోపం చల్లారుతుందేమో గానీ, ఆ మనిషి చేత ఆ పని చేయించిన పద్ధతి ఎక్కడికీ పోదు. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్, కాపెల్‌లలో ఉంటున్న మన కుటుంబాలకి ఈ పద్ధతి అర్థం కావడం అవసరం. ఎందుకంటే టికెట్ కొనని వాళ్లు కూడా దీనికి డబ్బు కడుతున్నారు, రేపు ఇంకా కట్టమని అడగబోతున్నారు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ముందు మన కష్టాల జాబితా

డాలస్ కౌబాయ్స్ ఆఖరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో. అప్పటికి ఈ వ్యాసం చదువుతున్న మనలో చాలామంది హైస్కూల్లో కూడా లేరు. 2021, 2022, 2023 సీజన్లలో వరుసగా పన్నెండేసి ఆటలు గెలిచారు. ఆ మూడో సీజన్ ప్లేఆఫ్స్‌లో సొంత స్టేడియంలోనే గ్రీన్ బే ప్యాకర్స్ చేతిలో 48-32తో ఓడారు. ఈ ఆగస్టు చివర్లో తమ డిఫెన్స్‌కి ప్రాణం లాంటి మైకా పార్సన్స్‌ని అదే గ్రీన్ బేకి ఇచ్చేశారు. కాంట్రాక్ట్ బేరం తెగకపోవడమే కారణం. గ్రీన్ బే అతనికి నాలుగేళ్లకి 188 మిలియన్ డాలర్లు రాసిచ్చింది.

మావరిక్స్ 2024 జూన్‌లో ఎన్‌బీఏ ఫైనల్స్ ఆడారు. ఎనిమిది నెలలు తిరక్కుండా, ఆ ఫైనల్స్‌కి తీసుకెళ్లిన 25 ఏళ్ల కుర్రాడిని అర్ధరాత్రి వేళ పంపించేశారు. బదులుగా ఆంథొనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 మొదటి రౌండ్ పిక్ ఒకటి వచ్చాయి. డేవిస్ ఆడిన మొదటి ఆటలోనే గాయపడ్డాడు.

హాకీ చూసేవాళ్లకి స్టార్స్ సంగతి తెలుసు. 2023, 2024, 2025లో మూడుసార్లు వరుసగా కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వచ్చి అక్కడే ఆగారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆస్టిన్ టీము, అంటే మన పిల్లలు టాప్ 5 శాతంలో ఉంటే తప్ప నేరుగా సీటు దొరకని ఆ యూటీనే, ఈ ఏడాది సీజన్ మొదలవకముందు ఏపీ ర్యాంకింగ్స్‌లో ఒకటో స్థానంలో ఉంది. వాళ్ల చరిత్రలో అలా జరగడం ఇదే మొదలు. మొదటి ఆటే ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో పోయింది. అక్టోబర్ మొదట్లో ఫ్లోరిడా చేతిలో ఓడాక ర్యాంకింగ్స్‌లోంచే జారిపోయింది.

ఊరికే ఏడవడం కాదు, న్యాయంగా చెప్పాలంటే మంచి కూడా ఉంది. 2023లో రేంజర్స్ తమ మొదటి వరల్డ్ సిరీస్ గెలిచారు. ఎస్‌ఎమ్‌యూ పోయినేడు ఏసీసీలో చేరిన తొలి సీజన్‌లోనే కాలేజీ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది, అక్కడ పెన్ స్టేట్ చేతిలో 38-10తో చిత్తయినా సరే.

దురదృష్టమా, చేతకానితనమా?

కౌబాయ్స్ గురించి మాట్లాడినప్పుడు ఎవరో ఒకరు అంటారు, "32 టీములున్నాయి, అందరూ గెలవలేరు కదా" అని. మాట సబబే. నేను చదువుకున్నది సైన్సు కాబట్టి కాగితం మీద లెక్క వేసి చూశాను.

32 టీములూ సమానమే, అంతా లాటరీయే అనుకుందాం. అప్పుడు ఒక టీముకి ఒక ఏడాది కప్పు వచ్చే అవకాశం 32లో ఒకటి. 1996 నుంచి 2024 దాకా 29 సీజన్లు. ఆ 29లో ఒక్కసారీ కప్పు రాకుండా ఉండే అవకాశం దాదాపు 40 శాతం. అంటే కప్పు రాలేదన్న ఒక్క కారణంతో ఎవరినీ తిట్టలేం.

కానీ కౌబాయ్స్ ఈ 29 సీజన్లలో సూపర్ బౌల్ సంగతి అటుంచి, దానికి ముందు ఆట, ఎన్‌ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్ దాకా కూడా వెళ్లలేదు. ఆఖరి నలుగురిలో ఒకరిగా నిలవడానికి ఏటా ఎనిమిదిలో ఒక అవకాశం ఉంటుంది. 29 ఏళ్లపాటు ఒక్కసారీ ఆ అవకాశం తగలకుండా ఉండాలంటే, లెక్క ప్రకారం దాని సంభావ్యత 2 శాతం మాత్రమే. చీటీలు తీసి ఆడించినా ఇంతకంటే మెరుగ్గా ఉండేది. కాబట్టి దీన్ని దురదృష్టం ఖాతాలో వేయలేం. ఆ 29 ఏళ్లలో కోచ్‌లు మారారు, క్వార్టర్‌బ్యాక్‌లు మారారు. జనరల్ మేనేజర్ మారలేదు. ఓనర్ జెర్రీ జోన్స్ గారే జనరల్ మేనేజర్. తనని తాను తీసేసుకునే ఓనర్ ఎక్కడుంటాడు?

ఓడితే నష్టం ఎవరికి?

మామూలు వ్యాపారంలో సరుకు బాగాలేకపోతే కొట్టు మూతపడుతుంది. ఇక్కడ అలా ఎందుకు జరగదంటే, రాబడికీ గెలుపుకీ మధ్య తాడు చాలా సన్నం.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టీవీ హక్కుల డబ్బు, లీగ్ మొత్తంగా వచ్చే ఇతర ఆదాయం 32 టీములకీ సమానంగా పంచుతారు. టీముల ఖాతాలు బయటికి రావు. ఒక్క గ్రీన్ బే మాత్రం ఊరి జనం వాటాలతో నడుస్తుంది కాబట్టి ఏటా లెక్క చెప్పాలి. ఈ వేసవిలో చెప్పిన లెక్క ప్రకారం ఒక్కో టీముకి లీగ్ నుంచి వచ్చిన వాటా 430 మిలియన్ డాలర్లకు పైనే. ఇక 2025లో ఆటగాళ్ల జీతాల మీద ఉన్న పరిమితి 279 మిలియన్లు. అంటే ఒక్క టికెట్, ఒక్క జెర్సీ, ఒక్క హాట్‌డాగ్ అమ్మకముందే ఆటగాళ్ల జీతాలు పోను చేతిలో బోలెడు మిగులుతుంది. చివరి స్థానంలో ఉన్నా అంతే, మొదటి స్థానంలో ఉన్నా అంతే.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అడుగున నిలిచిన జట్టు కింది డివిజన్‌కి పోతుంది. ఆ భయం ఓనర్‌ని నిద్రపోనివ్వదు. అమెరికా లీగుల్లో అలాంటిది లేదు. పైగా అడుగున ఉన్నవాడికి మంచి డ్రాఫ్ట్ పిక్ బహుమతిగా దొరుకుతుంది.

జోన్స్ గారు 1989లో కౌబాయ్స్‌ని సుమారు 140 మిలియన్లకి కొన్నారు. ఈ ఏడాది ఫోర్బ్స్ వేసిన విలువ 13 బిలియన్లు. చివరి సూపర్ బౌల్ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లు కరువే అయినా విలువ మాత్రం ఏటా పెరుగుతూనే పోయింది. పార్సన్స్‌ని పంపించిన ఆ ఆగస్టు నెలలోనే ఆయన మీద నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీ వచ్చింది. మనం తిట్టుకుంటూ కూడా చూశాం. తిట్టడానికి చూసినా, పొగడడానికి చూసినా కౌంటులో పడేది ఒకటే. ఆయనకి ఆ సంగతి బాగా తెలుసు.

లూకా, వార్నర్: ఒకే కథ రెండుసార్లు

లూకా పోయినప్పుడు అరీనా బయట డర్క్ నోవిట్జ్‌కీ విగ్రహం దగ్గర జనం పూలు పెట్టారు, శవపేటిక కూడా తెచ్చి పెట్టారు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారికి ఇది వింతగా అనిపించింది, "ఆ అబ్బాయికేమైంది?" అని కంగారుపడ్డారు. హైదరాబాద్ క్రికెట్ అభిమానులకైతే విడమరిచి చెప్పక్కర్లేదు. 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చి, తెలుగు పాటలకి స్టెప్పులేసి ఇంటి మనిషైపోయిన డేవిడ్ వార్నర్‌ని 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి దించి, ఆ తర్వాత జట్టులోంచే తప్పించారు. అంతకుముందు 2009లో కప్పు కొట్టిన డెక్కన్ ఛార్జర్స్ మూడేళ్లకే లీగ్‌లోంచి మాయమైంది. ఐపీఎల్ నడిచేది కూడా ఈ అమెరికా ఫ్రాంచైజీ నమూనాలోనే. ఊరి పేరు మనది, జెర్సీ మీద ప్రేమ మనది, నిర్ణయం మాత్రం ఎక్కడో గదిలో కూర్చున్న నలుగురిది.

మావరిక్స్ విషయంలో ఇంకో మెలిక ఉంది. లూకాని పంపించాక టీము ప్లేఆఫ్స్‌కి కూడా వెళ్లలేదు. తర్వాత మే నెలలో జరిగిన డ్రాఫ్ట్ లాటరీలో వాళ్లకున్న అవకాశం 1.8 శాతం. అదే తగిలింది. డ్యూక్ కుర్రాడు కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. అప్పటినుంచి కొందరు "చూశారా, చివరికి మంచే జరిగింది" అంటున్నారు.

ఇది ఒప్పుకోకూడని వాదన. కళ్లు మూసుకుని రోడ్డు దాటినవాడు క్షేమంగా అవతలికి చేరితే, కళ్లు మూసుకోవడం మంచి పద్ధతి అయిపోదు. నిర్ణయం తీసుకున్న రోజున చేతిలో ఉన్న సమాచారంతో అది సబబా కాదా అని చూడాలి. వరుసగా ఐదేళ్లు ఆల్ ఎన్‌బీఏ మొదటి జట్టులో ఉన్న 25 ఏళ్ల ఆటగాడిని, మిగతా టీములన్నిటికీ చెప్పి బేరం పెట్టకుండా, గాయాల చరిత్ర ఉన్న 31 ఏళ్ల ఆటగాడికి మార్చుకోవడం ఆ రోజున తప్పే. వెయ్యిసార్లలో 18 సార్లు తగిలే లాటరీ దాన్ని ఒప్పు చేయదు. ఇంకో సంగతి, ఆ ట్రేడ్ హారిసన్ ఒక్కడి చేతుల మీదుగా జరగలేదు. పైన గవర్నర్ ప్యాట్రిక్ డ్యూమాంట్ సరేనన్నాకే జరిగింది. అప్పటికి ఆ కుటుంబం మార్క్ క్యూబన్ నుంచి టీము కొని ఏడాదిన్నర కూడా కాలేదు. ట్రేడ్ అయిన నెల తర్వాత సీజన్ టికెట్ ధరలు సగటున 8 శాతానికి పైగా పెంచారు. ఉద్యోగం పోయింది ఒకరిది, సంతకం మిగిలింది ఇంకొకరిది.

కాలేజీ ఆటలు మాత్రం ఆటలేనా?

ప్రొఫెషనల్ టీములతో విసిగి కాలేజీ ఆటల వైపు తిరిగిన స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు. "అక్కడ పిల్లలు కాలేజీ మీద ప్రేమతో ఆడతారు" అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాటకి అర్థం మారిపోయింది.

ఈ జూన్‌లో ఫెడరల్ కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ ప్రకారం ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి 20.5 మిలియన్ డాలర్ల దాకా ఆటగాళ్లకి నేరుగా చెల్లించవచ్చు. నేను దీన్ని తప్పుపట్టను. స్టేడియం నింపే పిల్లలకి దశాబ్దాలుగా దక్కాల్సిన వాటా ఇది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ పుణ్యాన ఒక ఏడాది మనం జేజేలు కొట్టిన కుర్రాడు మరుసటి ఏడాది ప్రత్యర్థి జెర్సీలో కనపడతాడు. ఉద్యోగం మారి జీతం పెంచుకునే మనకి అతన్ని తప్పుపట్టే హక్కు లేదు.

నన్ను బాధపెట్టేది కోచ్‌ల లెక్క. టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2023 నవంబర్‌లో జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు, ఇక పని చేయనక్కర్లేనందుకు అతనికి ఇవ్వాల్సివచ్చిన మొత్తం 75 మిలియన్లకు పైనే. ఈ అక్టోబర్‌లో పెన్ స్టేట్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని, ఎల్‌ఎస్‌యూ బ్రయన్ కెల్లీని తీసేశాయి. ఇద్దరి కాంట్రాక్టుల్లోనూ బైఅవుట్ 50 మిలియన్లకి కాస్త అటూ ఇటూ. అది దాతల డబ్బు, అథ్లెటిక్స్ శాఖ డబ్బు, ట్యూషన్‌ది కాదని చెబుతారు. నిజమే కావచ్చు. కానీ చాలా పబ్లిక్ యూనివర్సిటీల్లో ఫీజు బిల్లు తెరిచి చూస్తే అందులో అథ్లెటిక్స్ ఫీజు అని ఒక వరుస ఉంటుంది. ఆటకి ఒక్కసారీ వెళ్లని మన ఎమ్మెస్ పిల్లలూ అది కడతారు. కాలేజీ బిల్లు కట్టే తల్లిదండ్రులు ఆ వరుస ఒకసారి వెతికి చూడండి.

అసలు బిల్లు: సేల్స్ ట్యాక్స్

ఇప్పుడు మొదట్లో చెప్పిన సంగతి. 2004లో అర్లింగ్టన్ ఓటర్లు కౌబాయ్స్ స్టేడియం కోసం 325 మిలియన్ డాలర్లకి ఒప్పుకున్నారు. సేల్స్ ట్యాక్స్ అర శాతం, హోటల్ గదుల మీద 2 శాతం, అద్దె కార్ల మీద 5 శాతం పెంచారు. 2016లో రేంజర్స్ కోసం ఇంకో 500 మిలియన్ల దాకా ఒప్పుకున్నారు. అప్పటికి పాత బాల్‌పార్క్ కట్టి 22 ఏళ్లే. అది నేటికీ నిలబడే ఉంది. మనవైపు చాలామంది ఇళ్ల రూఫ్ కూడా అంతకాలం నడుస్తుంది. కౌబాయ్స్ స్టేడియం పేరుకి సిటీది కాబట్టి దానికి ప్రాపర్టీ ట్యాక్స్ లేదు. టీము కట్టే అద్దె ఏడాదికి 2 మిలియన్లు. మన ఇంటి ప్రాపర్టీ ట్యాక్స్ నోటీసు వచ్చినప్పుడు ఈ అంకె గుర్తుచేసుకోండి.

ఇవన్నీ పాత కథలు కావు. మావరిక్స్, స్టార్స్ కలిసి వాడుతున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ లీజు 2031లో ముగుస్తుంది. ఈ అక్టోబర్‌లో ఆ రెండు టీములూ అరీనా పెత్తనం గురించి కోర్టుకెక్కాయి. రెండూ కొత్త చోటు చూసుకునే ఆలోచనలోనే ఉన్నాయి. రేపు ఏదో ఒక సబర్బ్ కౌన్సిల్ ముందు రంగురంగుల బొమ్మలతో ఒక ప్రజెంటేషన్ వస్తుంది. ఉద్యోగాలు, హోటళ్లు, ఊరికి పేరు అని చెబుతారు. వచ్చే వేసవిలో అర్లింగ్టన్‌లో జరగబోయే తొమ్మిది ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఆటలనీ చూపిస్తారు. అందులో కొంత నిజం ఉంటుంది కూడా. కానీ స్టేడియంలో మనం ఖర్చుపెట్టే డాలర్లో ఎక్కువ భాగం లేకపోతే వేరే రెస్టారెంట్లోనో సినిమాకో ఖర్చుపెట్టేవాళ్లమే. అది కొత్త డబ్బు కాదు, జేబు మారిన డబ్బు.

ఇంకొక చిక్కు, టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ మొత్తం 8.25 శాతం దాటకూడదు. అందులో స్థానికంగా వాడుకోగలిగింది 2 శాతమే. దాంట్లో ఒక ముక్క అరీనాకి రాసిస్తే, ఆ ముక్క ఇంకెన్నో ఏళ్లు ఇంకో పనికి దొరకదు.

మన కుటుంబాలకి ఇక్కడే అసలైన నొప్పి. హెచ్-1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్న వాళ్లకి ఓటు లేదు. కానీ సోఫా కొన్నా, పిల్లల బూట్లు కొన్నా ఆ అర శాతం అందరూ కట్టాల్సిందే. ఓటున్న మనవాళ్లేమో నవంబర్‌లో అధ్యక్ష ఎన్నికలకి వెళ్తారు గానీ మే నెల సిటీ ఎన్నికలకి వెళ్లరు. స్టేడియాలు, బాండ్లు తేలేది చాలాసార్లు ఆ చిన్న ఎన్నికల్లోనే. ఈ మేలో ఫ్రిస్కో ఓటర్లు ఆర్ట్స్ సెంటర్ ప్రతిపాదనని తిప్పికొట్టారు. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కానీ ఓటేసిన కాసిని వేలమంది పెద్ద ప్రాజెక్టుని ఆపగలరని తేలింది కదా.

మరి చూడడం మానేద్దామా?

మా ఇంట్లో ఆ చర్చ అయింది. మానలేం అని తేలింది. మా ఆయనకి ఆదివారం ఆట లేకపోతే తోచదు. పిల్లలకైతే సోమవారం స్కూల్లో మాట్లాడుకోవడానికి ఈ ఆటలే కావాలి. ఇక్కడ పుట్టిన పిల్లలకి "మాది డాలస్" అని చెప్పుకోవడానికి దొరికిన మొదటి ఆనవాలు ఆ జెర్సీయే. దాన్ని తీసేయమని నేను చెప్పను. కోపాన్ని ఖర్చుపెట్టే చోటు మార్చమంటాను.

కొత్త జెర్సీ కొనే ముందు ఒక సీజన్ ఆగండి. నలుగురం ఎన్‌బీఏ ఆటకి వెళ్తే టికెట్లు, పార్కింగ్, తిండి కలిపి మాకైతే నెల కిరాణా అంత అవుతోంది. అదే శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్‌కి వెళ్తే కొద్ది డాలర్లలో అయిపోతుంది, బ్యాండ్‌లో మన పిల్లలే ఉంటారు. ఫ్రిస్కో బడులు ఆడే ఫోర్డ్ సెంటర్ కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే చోటే, అందులో సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ డబ్బు కూడా ఉంది. కనీసం అక్కడైనా మనం కట్టింది మన కళ్లకి కనపడుతుంది. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు డాలస్ వింగ్స్ ఆటకి తీసుకెళ్లండి. ఈ ఏడాది 10 గెలిచి 34 ఓడారు, నిజమే. కానీ పేజ్ బెకర్స్ మొదటి ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్ అయింది. క్రికెట్ కావాలంటే గ్రాండ్ ప్రెయిరీలో టెక్సస్ సూపర్ కింగ్స్ ఉన్నారు. వాళ్లూ మూడు సీజన్లలో ఒక్క ఫైనల్ ఆడలేదనుకోండి. ఈ ఊరి నీళ్లలోనే ఏదో ఉందేమో!

ఇక ఓటున్న వాళ్లకి ఒక తేదీ: వచ్చే మే 2. మీ సిటీ బ్యాలెట్‌లో ఏముందో ఏప్రిల్‌లోనే చూసుకోండి. ఓటు లేనివాళ్లు కూడా కౌన్సిల్ మీటింగ్‌లో అజెండాలో ఉన్న అంశం మీద లేచి మాట్లాడవచ్చు, పాస్‌పోర్ట్ ఏ దేశానిదని ఎవరూ అడగరు. అరీనా ప్రతిపాదన మీ ఊరికి వస్తే మూడు ప్రశ్నలు అడగండి. లీజు ఎన్నేళ్లు? టీము వెళ్లిపోతే మిగిలిన అప్పు ఎవరు కడతారు? టీము విలువ పెరిగితే అందులో ఊరికి వాటా ఉందా? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు ఇవ్వలేని ఓనర్‌కి మన సేల్స్ ట్యాక్స్ ఇవ్వాల్సిన అవసరం లేదు, అతని టీము ఆ ఏడాది కప్పు గెలిచినా సరే.